ఇంట్లో, ఊరెళ్లినప్పుడు రోజువారీ దృశ్యాలను ఫొటో తీయడం ఎలా?

నానమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చేటలో బియ్యం చెరుగుతూ ఉంటుంది. మనవడు పరుగున వెళ్లి ఫోన్ తెస్తాడు. తెర మీద ఆమె మొహాన్ని వేలితో తాకి బటన్ నొక్కుతాడు. ఫొటోలో నానమ్మ మొహం వస్తుంది. గుమ్మం మాత్రం తెల్లగా మాడిపోయి ఉంటుంది. చీర అంచు, చేటలోని బియ్యం, పైకి ఎగిరిన పొట్టు అన్నీ ఆ తెలుపులో కలిసిపోయి ఉంటాయి. ‘ఫోన్ మంచిది కాదు, కెమెరా కొనాలి’ అనుకుంటారు. కొన్నాక కూడా అదే ఫొటో వస్తుంది.

ఇంట్లో తీసినా, ప్రయాణంలో తీసినా ఇలాంటి ఫొటోలు ఎక్కువగా చెడేది ఒకే కారణం వల్ల. మనిషి వెంట పడి వెలుగును వదిలేస్తారు. పని వరుస మార్చుకోవాలి. ముందు వెలుగున్న చోటు ఎంచుకోవాలి. ఆ వెలుగుకు తగ్గట్టు ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగుగా రావాలనే లెక్క) బిగించాలి. అప్పుడు మనిషి కోసం ఆగాలి. ఇందులో మొదటిదీ చివరిదీ ఎవరికైనా వస్తాయి. మధ్యలోది రాక అందరూ చెడగొట్టుకుంటున్నారు. అందుకే ఈ వ్యాసంలో సగం దానికే ఇస్తున్నాను.

సరంజామా

కెమెరా ఏదైనా సరే. ఫుల్‌ఫ్రేమ్ (వెలుగును పట్టే సెన్సర్ పెద్దగా ఉండే కెమెరా) అయితే 35 మి.మీ. లెన్స్, చిన్న సెన్సర్ అయితే 23 లేదా 24 మి.మీ. జూమ్ వద్దు. 50 మి.మీ. బాగుంటుందని చాలామంది చెబుతారు కానీ, మన ఇళ్లలోని గదుల్లో దాంతో తీయాలంటే గోడకు వీపు ఆనించి నిలబడాలి. ఫోన్ అయితే 1ఎక్స్ మాత్రమే వాడండి. అల్ట్రావైడ్ ముట్టుకోవద్దు, అంచుల్లో ఉన్నవాళ్ల తలలు సాగిపోతాయి. బ్యూటీ మోడ్ ఆపేయండి. ఫ్లాష్, ట్రైపాడ్ బీరువాలో ఉండనివ్వండి. ఒక మెత్తటి గుడ్డ, ఇంకో బ్యాటరీ చాలు. ఫోన్ లెన్స్ మీద వేలి జిడ్డు ఉంటే వెలుగున్న ప్రతిచోటా పొగ కమ్మినట్టు వస్తుంది, తీసే ముందు ఒకసారి తుడవండి.

చోటు ఎంచుకోవడం

పగటిపూట ఇంట్లో లైట్లన్నీ ఆర్పండి. ట్యూబ్‌లైటుది ఒక రంగు, పసుపు బల్బుది ఇంకో రంగు, కిటికీలోంచి వచ్చే వెలుగుది మరో రంగు. మూడూ ఒకే మొహం మీద పడ్డాక ఎడిటింగ్‌లో విడదీయడం నరకం. వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును సరిచేసే సెట్టింగ్) ‘డేలైట్’లో పెట్టి మర్చిపోండి. రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద తీయక తప్పకపోతే షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను దగ్గర ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. షట్టర్ అంతకంటే వేగంగా పెడితే ఫొటో మీద చారలు పడతాయి. కొన్ని చవక ఎల్‌ఈడీ బల్బులదీ ఇదే గొడవ.

తర్వాత ఇల్లంతా ఒకరోజు ఊరికే చూడండి. ఏ గదిలోకి ఏ వేళకు వెలుగు వస్తోందో గుర్తుపెట్టుకోండి. ఉత్తరం కిటికీ ఉంటే అదృష్టం. ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ నేరుగా ఎండ పడదు, ఆకాశం వెలుగు మాత్రమే వస్తుంది, గంటల తరబడి మారకుండా ఉంటుంది. దక్షిణం కిటికీ కాలాన్ని బట్టి మారుతుంది. డిసెంబరు, జనవరిల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఎండ గది మధ్యదాకా పాకుతుంది. అదే హైదరాబాద్‌లో మే రెండో వారానికి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణం కిటికీలోంచి ఎండ లోపలికి రాదు. సంక్రాంతికి బంగారంలా కనిపించిన గది వేసవి సెలవుల్లో చప్పగా ఉండటానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ‘ఉదయం ఏడులోపు, సాయంత్రం ఐదు తర్వాతే ఫొటోలు తీయాలి’ అని ప్రతివాళ్లూ చెబుతున్నారు. కొండలకు, గోపురాలకు అది సరే. రోజువారీ పనులకు ఆ నియమం పెట్టుకుంటే ఇంటి బతుకులో ముప్పావు వంతు వదిలేసినట్టే. పచ్చళ్లు కలిపేది, వడియాలు పెట్టేది, భోజనాలయ్యాక అరుగు మీద నడుం వాల్చేది ఎండ వేళలోనే. మధ్యాహ్నం పన్నెండున్నరకు పెరట్లో గచ్చు మీద పడిన ఎండ పైకి లేచి వసారాలోకి మెత్తగా వస్తుంది. సున్నం వేసిన గోడ ఎదురుగా ఉంటే ఇంకా మంచిది. నేలనుంచి లేచే ఆ వెలుగులో కళ్ల కింద నీడలు ఉండవు. స్టూడియోలో రెండు సాఫ్ట్‌బాక్సులు పెట్టినా అంత బాగా రాదు. మీరు వసారాలో ఉండండి, మనిషి కూడా వసారాలోనే ఉండాలి, ఎండను ఫ్రేమ్‌లోకి రానివ్వకండి.

ముగ్గుకు మాత్రం ఎండ వాలుగా పడాలి. సూర్యుడు లేచిన అరగంటలో పిండి గీత పక్కన సన్నటి నీడ పడుతుంది, చుక్క చుక్కగా రాలిన పిండి తెలుస్తుంది. తొమ్మిది దాటితే అది నేల మీద గీసిన తెల్ల బొమ్మ, అంతే.

ఎక్స్‌పోజర్ బిగించడం: ఇక్కడ ఆగండి

కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌కు నానమ్మ తెలియదు, బియ్యం తెలియదు. ముందున్నదంతా కలిపి చూస్తే మధ్యరకం బూడిద రంగుకు సమానంగా రావాలి, దాని లెక్క అంతే. గది చీకటిగా ఉండి, గుమ్మం చిన్నగా ఉంటే ‘ఇక్కడంతా చీకటే’ అనుకుని వెలుగు పెంచేస్తుంది. గుమ్మం మాడిపోతుంది. దీనికి ఎదురు సందర్భం కూడా ఉంది. తెల్ల గోడ ముందు తెల్ల పంచె కట్టుకున్న తాతగారిని తీస్తే ‘ఇక్కడంతా వెలుగే’ అనుకుని తగ్గించేస్తుంది. పంచె ఉతకనట్టు మాసిపోయి కనిపిస్తుంది. కాబట్టి ‘ఎప్పుడూ ఒక స్టాప్ తగ్గించు’ అనే సలహా ఎవరిచ్చినా వినకండి. ఒక స్టాప్ అంటే వెలుగును సగం చేయడమో, రెట్టింపు చేయడమో. మొదటిచోట తగ్గించాలి, రెండోచోట పెంచాలి. చూసి నిర్ణయించాల్సింది మీరే.

ఒక్కటి గట్టిగా పట్టుకోండి. ఫొటోలో మీకు కావాల్సిన వస్తువుల్లో అన్నిటికంటే వెలుగుగా ఉన్నది ఏదో వెతకండి. బియ్యమా, పంచె మడతా, కాఫీ గ్లాసు మీది ఆవిరా, నేల మీది ఎండ చారా. దాని మీది నేత, గీత, గింజ కనిపించేంత వరకే వెలుగు ఇవ్వండి. మిగతాదంతా ఎంత నల్లగా వస్తే అంత రానివ్వండి. నీడలో ఉన్నదాన్ని తర్వాత కొంత పైకి లాగొచ్చు. తెల్లగా మాడిపోయినదాన్ని ఎవరూ వెనక్కి తేలేరు, అక్కడ ఫైల్‌లో సమాచారమే ఉండదు. ‘రా ఫైల్ తీస్తున్నాం కదా, తర్వాత దించుకుందాం’ అంటారు. సెన్సర్ పట్టిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే రా ఫైల్‌లో కాస్త వెసులుబాటు ఉన్న మాట నిజం. సెన్సర్ నిండిపోయిన చోట రా ఫైల్ కూడా ఖాళీయే.

పాత స్టూడియోల్లో పని నేర్చుకున్నవాళ్లు దీనికి పూర్తిగా విరుద్ధంగా చెబుతారు. ‘కాస్త ఎక్కువే ఇవ్వు బాబూ, నీడలో వివరం రావాలి’ అంటారు. వాళ్లు చెప్పేది నెగెటివ్ ఫిల్మ్‌కు సరిగ్గా సరిపోయే మాట. నెగెటివ్ ఎక్కువ వెలుగును ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. డిజిటల్ సెన్సర్ తీరు వేరు, ఈ విషయంలో అది స్లైడ్ ఫిల్మ్‌కు దగ్గర. పెద్దవాళ్ల మాట కాబట్టి కాదనలేక ఎంతోమంది ఈరోజుకీ హైలైట్స్‌ను, అంటే బాగా వెలుగున్న చోట్లను, మాడుస్తున్నారు.

కెమెరాలో చేసే పద్ధతి ఇది. మోడ్ మాన్యువల్‌లో పెట్టండి. మనిషి ఊరికే కూర్చుంటే షట్టర్ 1/125, చేతులు పనిలో ఉంటే 1/250. అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/2.8 లేదా ఎఫ్/4. ఎఫ్/1.4 ఉంది కదా అని దాన్ని వాడకండి, కన్ను స్పష్టంగా వచ్చి చేయి మసకబారుతుంది, రోజువారీ ఫొటోలో చేతులే ముఖ్యం. ఇక వెలుగుకు సెన్సర్ స్పందనను పెంచే, తగ్గించే ఐఎస్‌ఓను కదపండి. 3200 వచ్చినా భయపడొద్దు. గింజలు గింజలుగా రావడం తప్పు కాదు, చేయి అదిరితే మాత్రం ఫొటో పోయినట్టే. కెమెరా మెనూలో హైలైట్ వార్నింగ్ ఆన్ చేయండి. ఒక పరీక్ష ఫొటో తీయండి. మాడిన చోటు తెర మీద మిణుకుతుంది. మీకు కావాల్సిన వస్తువు మీద మిణుకు పోయేదాకా తగ్గించి, అక్కడ ఆపండి.

ఇక్కడే రెండో తప్పు జరుగుతుంది. మిణుకు ఎక్కడా ఉండకూడదని పట్టుబట్టి ఫొటో మొత్తాన్ని చీకట్లో ముంచేస్తారు. స్టీలు బిందె మీది మెరుపు, కనిపిస్తున్న బల్బు, ఆకుల మధ్య నుంచి నేరుగా తొంగిచూసే సూర్యుడు, వీటిలో చూడాల్సిన వివరం ఏమీ లేదు. అవి మిణకనీ. బియ్యం మిణకకూడదు. ఏది పోయినా ఫరవాలేదో, ఏది పోకూడదో తేల్చుకోకుండా డయల్ తిప్పకండి.

మూడో తప్పు తెరను నమ్మడం. ఎండలో నిలబడి చూస్తే తెర మీద ఫొటో చీకటిగా కనిపిస్తుంది, పెంచేస్తారు. రాత్రి చీకట్లో అదే తెర వెలిగిపోతూ ఉంటుంది, తగ్గించేస్తారు. తెర వెలుగు ఆటోలోంచి తీసి మధ్యలో ఉంచండి. నిర్ణయం హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) చూసి తీసుకోండి. కుడి అంచుకు గుట్టలా అతుక్కుపోయిందంటే మాడినట్టు.

మన ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని గురించి చెప్పేవాళ్లు చాలా తక్కువ. కుంకుమ, ఎర్ర పట్టుచీర, బంతిపూలు, ఎండబెట్టిన మిరపకాయలు. వీటిని తీసినప్పుడు మొత్తం వెలుగు సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది, మిణుకు కూడా రాకపోవచ్చు. కానీ ఎరుపు ఛానల్ ఒక్కటే నిండిపోతుంది. బంతిపువ్వులో రేకులు ఉండవు, నారింజ రంగు ముద్ద ఒకటి ఉంటుంది. పట్టుచీర మీది బుటా కనిపించదు. గుంటూరు మిర్చి యార్డులో తీసిన ఫొటోల్లో కాయకు కాయకు తేడా తెలియకపోవడానికి కారణం ఇదే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ ఉంటే అదే పెట్టుకోండి, ఎరుపు గీత కుడి అంచు తాకకుండా చూడండి. అది లేకపోతే ఇలాంటి రంగులు ఎదురుగా ఉన్నప్పుడు మామూలు కంటే ఇంకో రెండు క్లిక్కులు, అంటే 2/3 స్టాప్ తగ్గించండి.

పరీక్ష ఫొటో తీసే వీలు లేనిచోట అరచేయి పద్ధతి వాడండి. మీటరింగ్ స్పాట్‌లో (ఒక్క చిన్న చోటునే కొలిచేలా) పెట్టి, మనిషి మీద ఏ వెలుగు పడుతోందో అదే వెలుగులో మీ అరచేతిని పట్టి కొలవండి. అరచేయి మధ్య బూడిద కంటే సుమారు ఒక స్టాప్ వెలుగుగా ఉంటుంది. కాబట్టి మీటర్ చెప్పినదానికి ఒక స్టాప్ పెంచి బిగించండి. మీ చేయి నీడలో ఉండి మనిషి ఎండలో ఉంటే లెక్క మొత్తం తప్పుతుంది, అది ఒక్కటి చూసుకోండి.

ఫోన్‌లో అయితే మొహాన్ని తాకకండి. వెలుగు పడిన బట్టనో, గోడనో వేలితో నొక్కి అలాగే పట్టుకోండి. చాలా ఫోన్లలో ఎక్స్‌పోజర్ లాక్ అవుతుంది. పక్కన సూర్యుడి గుర్తు వస్తే దాన్ని కొంచెం కిందికి జరపండి. ఫోకస్ కూడా అక్కడే ఆగుతుంది కాబట్టి మనిషి ఎంత దూరంలో ఉన్నారో దాదాపు అంతే దూరంలో ఉన్న వస్తువును తాకండి. హెచ్‌డీఆర్‌ను ఆపే వీలుంటే ఆపండి. అది నీడలన్నీ ఎత్తేసి, గదినంతా ఆసుపత్రి వార్డులా ఒకే వెలుగుతో నింపుతుంది.

చర్మం రంగు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎక్స్‌పోజర్ సరిగ్గా బిగించాక మొహం కాస్త ముదురుగా వస్తే ‘నల్లగా వచ్చింది’ అని స్లైడర్ పెంచేస్తారు. పెళ్లి ఆల్బమ్‌లు చూసి చూసి మనకు ఆ అలవాటు పడిపోయింది. చామనఛాయ మనిషి చామనఛాయగానే రావాలి. పక్క కిటికీ వెలుగులో ఆ చర్మం మీద మెరిసే సన్నటి వెలుగు గీతను, మొహాన్ని తెల్లబరిచిన ఏ ఫొటోలోనూ చూడలేరు.

బిగించారా, ఇక డయల్ ముట్టుకోకండి. మబ్బు కమ్మితేనో, మీరు గది మారితేనో తప్ప అవసరం లేదు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) లాంటివాళ్లు గాజు పలకల మీద తీసేవారు. పలక కెమెరాలోకి వెళ్లకముందే వెలుగు లెక్క తేలిపోవాలి, మధ్యలో మార్చుకునే వీలు లేదు. మనకు వీలు ఉంది కాబట్టి ప్రతి ఫొటోకూ మారుస్తూ కూర్చుంటున్నాం, ఆలోపు నానమ్మ చేట పక్కన పెట్టి లేచి వెళ్లిపోతోంది.

ఆగడం

ఇది తేలికే. ఒకచోట కూర్చోండి, నిలబడకండి. కెమెరా ఎత్తు పని చేసే చేతుల ఎత్తుకు రావాలి. ‘ఇటు చూడు పిన్నీ, నవ్వు’ అనకండి. మొదటి పది నిమిషాలు మీ గురించే ఆలోచిస్తారు, తర్వాత పనిలో పడిపోతారు. అప్పుడు మొదలుపెట్టండి. చేట గాల్లోకి లేచినప్పుడు, పెనం మీద దోసె తిరగేసినప్పుడు, దండెం మీద చీర విదిలించినప్పుడు, పని ఊపులో పైచివరకు వచ్చినచోట నొక్కండి. వరసగా ఫొటోలు తీసే బర్స్ట్ మోడ్ వాడితే ఊపు చేతికి ఎప్పటికీ అలవాటు కాదు.

ప్రయాణంలో

ఊరెళ్లినప్పుడూ ఇదే పద్ధతి. కాకపోతే వెలుగు ఏ వైపు నుంచి వస్తుందో ముందే తెలుసుకుని వెళ్లాలి. రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. పుష్కర ఘాట్‌లో నది వైపు తిరిగి నిలబడితే పొద్దున సూర్యుడు మీ వెనక ఉంటాడు, ఎదురుగా పడవలూ మనుషులూ రంగులతో కనిపిస్తారు. సాయంత్రం సూర్యుడు నదికి అవతల దిగుతాడు, 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసిన హేవ్‌లాక్ వంతెన నల్లటి గీతలా వస్తుంది. పొద్దున తీయాల్సింది సాయంత్రం తీయలేరు. విశాఖలో ఇది తలకిందులు, సూర్యుడు సముద్రం మీద లేస్తాడు. ఏ ఘాట్‌లోనైనా స్నానం చేస్తున్నవాళ్ల వైపు కెమెరా తిప్పకండి. ఎంత మంచి వెలుగున్నా సరే, తీయకూడదు.

విశాఖ నుంచి అరకు వెళ్లే రైలులో ఎక్స్‌పోజర్ బిగించడం ఎందుకో అందరికీ అర్థమవుతుంది. సొరంగంలోంచి బయటపడే క్షణంలో ఆటో మోడ్ ఇంకా చీకటి లెక్కలోనే ఉంటుంది, లోయ మొత్తం తెల్లగా వస్తుంది. అది సర్దుకునేలోపు ఇంకో సొరంగం. ఎండలో ఉన్నప్పుడు లోయను కొలిచి మాన్యువల్‌లో బిగించుకోండి, షట్టర్ 1/1000. సొరంగంలో తెర నల్లగా ఉంటుంది, కంగారు పడి మార్చకండి. అద్దంలోంచి తీస్తే లెన్స్‌ను అద్దానికి దగ్గరగా పెట్టండి కానీ ఆనించకండి, పెట్టె అదురు కెమెరాలోకి వస్తుంది. చుట్టూ నల్లటి తువ్వాలు కప్పితే లోపలి లైట్ల ప్రతిబింబం పోతుంది. తలుపు దగ్గర వేలాడుతూ ఎవరూ తీయకండి.

గుళ్ల దగ్గర నియమాలు ముందే అడిగి తెలుసుకోండి. తిరుమల ఆలయంలోకి కెమెరా, ఫోన్ రెండూ తీసుకెళ్లనివ్వరు. పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్‌కు అనుమతి కావాలి. 2021లో యునెస్కో జాబితాలో చేరిన రామప్ప గుడిలో చూరు కింద నల్లరాతి మదనికలు (స్త్రీ శిల్పాలు) ఉంటాయి, వాటి వెనక ఆకాశం. అక్కడ వెలుగైన ఆకాశం కోసం బిగిస్తే శిల్పం నల్ల ముద్ద అవుతుంది. మీకు కావాల్సింది ఆకాశం కాదు కదా, కాబట్టి రెండడుగులు పక్కకు జరిగి ఆకాశాన్ని ఫ్రేమ్‌లోంచి తీసేయండి, రాతి మీది మెరుపుకు బిగించండి.

తెలియనివాళ్లను తీసేముందు అడగండి. ‘అమ్మా, మీరు పని చేసుకుంటూ ఉంటే ఒక ఫొటో తీసుకోనా?’ అంటే చాలు. వద్దంటే నమస్కారం పెట్టి కదలండి. పిల్లలను తీయాలంటే వాళ్ల పెద్దవాళ్లను అడగాలి. దొంగచాటుగా దూరం నుంచి జూమ్‌తో తీసిన ఫొటోల్లో మనిషికీ మీకూ మధ్య ఉన్న దూరం కనబడిపోతుంది. 35 మి.మీ. వాడమనడానికి అదీ ఒక కారణం, దగ్గరికి వెళ్లి మాట్లాడక తప్పదు.

తీరప్రాంతాల్లో ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్స్ మీద ఆవిరి కమ్ముతుంది. తుడిచినా మళ్లీ వస్తుంది. రాత్రే కెమెరాను జిప్ కవర్‌లో పెట్టి మూసేయండి, బయటికి వచ్చాక అరగంట ఆగి తెరవండి. ఇంటికి చేరాక సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో ఉంచండి, లేకపోతే వానాకాలం దాటేసరికి లెన్స్ లోపల బూజు పడుతుంది.

తీశాక

ఆ రోజే డిలీట్ చేయకండి. వారం ఆగి చూస్తే ఏది నిలుస్తుందో తెలుస్తుంది. ఎడిటింగ్‌లో ముందు హైలైట్స్ సరిచూసి, తర్వాత నీడలను కొద్దిగా ఎత్తండి, పూర్తిగా కాదు. రంగుల గాఢత పెంచకండి. ఎవరిని తీశారో వాళ్లకు మ్యాట్ పేపర్ మీద 5×7 ప్రింటు వేయించి ఇవ్వండి. వాట్సాప్‌లో పంపితే అది కుదించేసిన ఫొటో. ఫైళ్లు రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి కాపీ అయ్యాయని తెరిచి చూసుకున్నాకే కార్డును కెమెరాలో ఫార్మాట్ చేయండి.